వర్డ్‌లో ఒకలా, పీడీఎఫ్‌లో ఇంకోలా: డెమీ సైజు తెలుగు పుస్తకంలో పేజీలు కదలకుండా ఉంచడం ఎలా?

నల్లకుంట పాఠకురాలు

అందరికీ నమస్కారం. మా నాన్నగారు పత్రికలకు రాసిన వ్యాసాలను పుస్తకంగా వేస్తున్నాం. డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన మొదలయ్యే నాటికి కాపీలు చేతికి రావాలని ఇంట్లో అందరి ఆశ. టైపింగ్ అంతా నేనే వర్డ్‌లో చేశాను. పేజీ డెమీ సైజు, 5.5 × 8.5 అంగుళాలు. ఫాంటు మండలి, 12 పాయింట్లు. మొత్తం 14 భాగాలు. ప్రతి భాగం కుడి పేజీలోనే మొదలవ్వాలని లేఅవుట్ మెనూలో బ్రేక్స్ కింద ఉన్న ‘ఆడ్ పేజ్’ వాడాను.

ఇబ్బంది ఏమిటంటే, వర్డ్‌లో కింద 212 పేజీలని చూపిస్తోంది. సేవ్ యాజ్‌లో పీడీఎఫ్ చేస్తే 219 వస్తున్నాయి. ప్రెస్‌కు వర్డ్ ఫైలు మెయిల్ చేస్తే వాళ్ల దగ్గర 231 అయింది, ఒక వ్యాసం శీర్షిక పేజీ అడుగున ఒంటరిగా మిగిలిపోయింది. పైగా వత్తులు కింది వరుసకు తగులుతున్నాయి, కొన్నిచోట్ల కోసేసినట్టు ఉన్నాయి. ‘రాష్ట్రం’, ‘స్వాతంత్ర్యం’ లాంటి మాటల్లో బాగా తెలుస్తోంది.

నేను ఒకసారి చూసుకున్నాక ఏ పేజీలో ఉన్నది ఆ పేజీలోనే ఉండాలి. అందుకు ఏం చేయాలో తెలిసినవాళ్లు చెప్పండి. టెన్షన్‌గా ఉంది.

చిక్కడపల్లి డీటీపీ

అమ్మా, టెన్షన్ పడకండి. డిసెంబరుకు ఇంకా టైముంది.

ముందు ఆ 231 సంగతి. ప్రెస్‌కు వర్డ్ ఫైలు ఇవ్వకండి, పీడీఎఫే ఇవ్వండి. వర్డ్ ఫైల్లో పేజీలు ఉండవు. అక్షరాలు, పేరాలు, మార్జిన్లు, ఫాంటు పేరు, ఇవే ఉంటాయి. ఎవరు తెరిస్తే వాళ్ల కంప్యూటరు తన దగ్గరున్న ఫాంట్లతో అప్పటికప్పుడు పేజీలు కట్టుకుంటుంది. మీ దగ్గర మండలి ఉంది, వాళ్ల దగ్గర లేకపోయి ఉంటుంది. దాని బదులు విండోస్‌లో ఉండే గౌతమి ఫాంటో, నిర్మలా యూఐ ఫాంటో వచ్చి కూర్చుంటుంది. ఒక్కో అక్షరం వెడల్పులో వెంట్రుకవాసి తేడా వచ్చినా 200 పేజీల మీద అది పదీ ఇరవై పేజీలవుతుంది. 1993లో అడోబీ వాళ్లు పీడీఎఫ్ తెచ్చిందే ఈ గొడవ లేకుండా ఉండటానికి. ఏ అక్షరం కాగితం మీద ఏ చోట పడాలో అందులో రాసి ఉంటుంది. తెరిచేవాళ్ల కంప్యూటరుకు మళ్లీ లెక్కవేసే పని ఉండదు.

ఇక 212, 219. ఆ ఏడు పేజీలు ఎక్కడివో చూశారా? పీడీఎఫ్ తిరగేయండి. ఖాళీ పేజీలు భాగాల ముందే ఉంటాయని నా అంచనా.

నల్లకుంట పాఠకురాలు

అవునండీ, ఏడూ భాగాల ముందే ఉన్నాయి. వర్డ్‌లో చూస్తే పేజీ అడుగున అంకె 31 తర్వాత నేరుగా 33 ఉంది. పీడీఎఫ్‌లో మధ్యలో 32వది తెల్లగా వచ్చింది. వాటిని తీసేయాలా?

చిక్కడపల్లి డీటీపీ

తీయొద్దు తల్లీ! అవి ఉండాల్సినవే. మూడో భాగం 31తో అయిపోయింది, నాలుగోది కుడివైపు, అంటే బేసి అంకె మీద మొదలవ్వాలి. మధ్యలో ఎడమ పేజీ ఖాళీగా ఉండక తప్పదు. వర్డ్ దాన్ని తెర మీద చూపించదు, ప్రింటులోనూ పీడీఎఫ్‌లోనూ పెడుతుంది. అది తీసేస్తే అక్కడి నుంచి కుడి ఎడమలు తారుమారై, బైండింగు వైపు వదిలిన ఎక్కువ మార్జిన్ బయటికి వస్తుంది. ఖాళీ పేజీలను దండగ అనుకుని డిలీట్ చేసి తెచ్చేవాళ్లు మా దగ్గరకు చాలామంది వస్తారు. పుస్తకం కుట్టాక గానీ తెలియదు, అక్షరాలు నడుము మడతలోకి పోయి ఉంటాయి.

పేజ్ సెటప్‌లో ‘మిర్రర్ మార్జిన్స్’ పెట్టారా? లోపలి వైపు ముప్పావు అంగుళానికి తగ్గకుండా చూసుకోండి.

లిబ్రే మిత్ర

ఇదే సంగతి వర్డ్ బదులు ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ వాడేవాళ్లకు ఇంకో రూపంలో ఎదురవుతుంది కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. అందులోని రైటర్‌లో బేసి అంకె పేజీ ఎప్పుడూ కుడివైపే, సరి అంకె ఎప్పుడూ ఎడమవైపే. రెండు బేసి పేజీలు వరసగా వచ్చేలా మనం పెడితే మధ్యలో తనే ఒక ఖాళీ పేజీ చేర్చుకుంటుంది. అయితే అది పీడీఎఫ్‌లోకి రావాలా వద్దా అన్నది మన ఇష్టం. ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్ నొక్కితే వచ్చే పెట్టెలో, జనరల్ ట్యాబ్ కింద, ‘ఎక్స్‌పోర్ట్ ఆటోమేటికల్లీ ఇన్సర్టెడ్ బ్లాంక్ పేజెస్’ అని ఉంటుంది. పుస్తకం అచ్చుకు వెళ్తుంటే టిక్ ఉండాలి. ఫోన్లో చదువుకోవడానికి పంపే కాపీ అయితే టిక్ తీసేయండి, ఖాళీ పేజీలు అడ్డం రావు.

అదే పెట్టెలో ‘ఇనీషియల్ వ్యూ’ ట్యాబ్ కూడా చూడండి. ఫైలు తెరవగానే ఒక్కో పేజీ కనబడాలా, పుస్తకం విప్పినట్టు రెండేసి పేజీలు పక్కపక్కన రావాలా, పక్కన బుక్‌మార్కులు ఉండాలా, అన్నీ అక్కడే చెప్పుకోవచ్చు. రెండేసి పేజీలు పెట్టి చూస్తే కుడి ఎడమల తేడా ఏదైనా ఉంటే వెంటనే పట్టుబడుతుంది. ప్రూఫు చూడటానికి దీన్ని మించింది లేదు.

ఖతులంటే ఇష్టం

వత్తుల సంగతి నేను చెబుతాను. మేడమ్, మీ పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో లైన్ స్పేసింగ్ ‘ఎగ్జాక్ట్‌లీ’ అని పెట్టి ఉంటారు. ఎంత పెట్టారు?

నల్లకుంట పాఠకురాలు

16 పాయింట్లు. ఇంగ్లిష్ పుస్తకాలకు అలా పెడతారని ఎక్కడో చదివాను.

ఖతులంటే ఇష్టం

ఇంగ్లిష్‌కు 12 మీద 16 అంటే దండిగా ఉన్నట్టే. మనకు చాలదు. తెలుగు వరుసకు ఎత్తు ఎక్కువ కావాలి. పైన గుడి, గుడిదీర్ఘం లాంటి గుర్తులు. కింద వత్తు, ‘ష్ట్ర’ లాంటి చోట వత్తు కింద ఇంకో వత్తు. ‘ఎగ్జాక్ట్‌లీ’ అంటే వర్డ్ అక్షరం ఎత్తుతో పని లేకుండా మనం చెప్పిన కొలతే ఇస్తుంది. అందులో పట్టనిది తెగుతుంది, లేదా పక్క వరుస మీద పడుతుంది.

అలాగని ‘సింగిల్’కు మార్చకండి. సింగిల్ అంటే ఫాంటు తయారుచేసినవాళ్లు నిర్ణయించిన ఎత్తు. అది ఫాంటు ఫాంటుకూ మారిపోతుంది. వ్యాసం మధ్యలో ఎక్కడైనా ఇంగ్లిష్ మాటో, వేరే ఫాంటులో కొటేషనో వస్తే ఆ ఒక్క వరుసా ఎడంగా జరుగుతుంది. ఎదురెదురు పేజీల్లో వరుసలు ఒకే మట్టంలో ఉండవు. పలచటి కాగితమైతే వెనక వరుసలు నీడలా మధ్యలో కనిపించి చదవడానికి ఇబ్బంది. అందుకే ‘ఎగ్జాక్ట్‌లీ’నే ఉంచి, 19 నుంచి మొదలుపెట్టి చూడండి. ఒక పేరాలో ‘రాష్ట్రం, శాస్త్రం, స్త్రీ, స్వాతంత్ర్యం, కీర్తి’ అని పైనా కిందా వరుసల్లో ఒకదాని కింద ఒకటి వచ్చేలా టైపు చేసి, పీడీఎఫ్ చేసి, 400 శాతానికి పెంచి చూడండి. ఎక్కడా తగలకపోతే ఆ కొలత ఖాయం చేసుకోండి.

ఇంకో ముఖ్యమైన మాట. ఫాంటు పెట్టెలో పైన ఒక ఫాంటు, కింద ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్స్’ అని ఇంకోటి ఉంటుంది. తెలుగు అక్షరాలు తీసుకునేది ఆ రెండోదాన్ని. పైన 12 ఉండి కింద 11 ఉంటే తెలుగంతా 11లో, అంకెలూ ఇంగ్లిష్ మాటలూ 12లో వస్తాయి. ‘ఎంత మార్చినా సైజు మారడం లేదు’ అని ఇక్కడ వచ్చే ప్రశ్నల్లో సగం దీనివల్లే. లిబ్రేఆఫీస్‌లోనూ ఇంతే, అక్కడ సీటీఎల్ ఫాంటు అంటారు. రెండుచోట్లా చూసుకోండి.

తార్నాక స్కాలర్

నాకూ ఇలాంటిదే ఉంది, ఈ చర్చలోనే అడగొచ్చా? పీహెచ్‌డీ థీసిస్. తెలుగులోనే రాస్తున్నాను. మాండలిక పదాల పట్టికలు అడ్డంగా పెట్టాలి, మిగతా అంతా నిలువు. ఒక్క పేజీని అడ్డం తిప్పితే థీసిస్ మొత్తం అడ్డం తిరుగుతోంది. ముందుమాట పేజీలకు రోమన్ అంకెలు కావాలి, మొదటి అధ్యాయం నుంచి 1 రావాలి.

లిబ్రే మిత్ర

అడగండి, దాదాపు ఒకే విషయం. మీది వర్డేనా?

తార్నాక స్కాలర్

వర్డే. గైడ్ గారు కామెంట్లు పెట్టేది అందులోనే.

లిబ్రే మిత్ర

వర్డ్‌లో కాగితం సైజు, నిలువు అడ్డం, మార్జిన్లు, పేజీ అంకెలు ఇవన్నీ ‘సెక్షన్’ లెక్కన ఉంటాయి. సెక్షన్ బ్రేక్ లేకపోతే థీసిస్ అంతా ఒకటే సెక్షన్, అందుకే అంతా తిరిగిపోయింది. పట్టిక ముందు ఒక ‘నెక్స్ట్ పేజ్’ సెక్షన్ బ్రేక్, పట్టిక తర్వాత ఇంకోటి పెట్టండి. మధ్యలో క్లిక్ చేసి ల్యాండ్‌స్కేప్ చేస్తే ఆ ముక్క ఒక్కటే తిరుగుతుంది. ముందుమాట చివర కూడా ఒక సెక్షన్ బ్రేక్ కావాలి. ఆ తర్వాత ఫుటర్‌లోకి వెళ్లి ‘లింక్ టు ప్రీవియస్’ ఆపేయాలి. ఇది మరిచిపోతే ఇక్కడ మార్చింది వెనక్కి వెళ్లి అక్కడా మారుతుంది. అప్పుడు ముందు సెక్షన్‌కు రోమన్, రెండోదానికి ‘స్టార్ట్ ఎట్ 1’.

పట్టిక పొడవుగా ఉంటే మొదటి వరుసను ఎంచుకుని ‘రిపీట్ హెడర్ రోస్’ నొక్కండి, ప్రతి పేజీలోనూ పైన శీర్షికల వరుస వస్తుంది. టేబుల్ ప్రాపర్టీస్‌లో ‘అలౌ రో టు బ్రేక్ అక్రాస్ పేజెస్’ టిక్ తీసేస్తే ఒక పదం సగం ఈ పేజీలో, దాని అర్థం అవతలి పేజీలో పడకుండా ఉంటుంది. మాండలిక పట్టికలకు ఇది తప్పనిసరి అంటాను.

పీడీఎఫ్ చేసే ముందు కంట్రోల్ ఏ, తర్వాత ఎఫ్9. విషయసూచికలో పేజీ అంకెలు అప్పుడే తాజా అవుతాయి. పీడీఎఫ్ అయ్యాక అవి వాటంతట అవి మారవు.

తార్నాక స్కాలర్

పట్టికలు నిలబడ్డాయి! చాలా థాంక్సండీ. ఒక చిన్న సందేహం. పీడీఎఫ్ రీడర్‌లో పైన 27 అని చూపిస్తోంది, పేజీ కింద 13 అని ఉంది. ఇబ్బందేమైనా ఉందా?

చిక్కడపల్లి డీటీపీ

ఇబ్బంది లేదు బాబూ, ముందున్న రోమన్ పేజీలు కలిసి 27 అయ్యాయి. కానీ జిరాక్స్ షాపులో ‘13 నుంచి 20 వరకు కలర్’ అని చెబితే వాళ్లు ప్రింటు పెట్టెలో 13 కొడతారు, వేరే పేజీలు వస్తాయి. రీడర్‌లో చూపించే అంకెలే చెప్పండి.

గోల్కొండ సారు

నమస్తే. నేను ప్రభుత్వ పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుణ్ని. ప్రశ్నపత్రాలు ఫోన్లో గూగుల్ డాక్స్‌లో చేస్తాను, వాట్సాప్‌లో డాక్స్ ఫైలుగా పంపితే జిరాక్స్ షాపులో ఒక పేజీ కావాల్సింది రెండు పేజీలు వస్తోంది, చివరి రెండు ప్రశ్నలు అవతలికి పోతున్నాయి. పీడీఎఫ్ పంపితే అక్షరాలు చిన్నవైపోతున్నాయి. ఏది మేలు?

ఖతులంటే ఇష్టం

సార్, పీడీఎఫే పంపండి, అనుమానం లేదు. అక్షరాలు చిన్నవి కావడానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, గూగుల్ డాక్స్ పేజ్ సెటప్‌లో సైజు లెటర్ అని ఉందేమో చూడండి. లెటర్ 216 × 279 మిల్లీమీటర్లు, మన ఏ4 210 × 297. వెడల్పులో 6 మిల్లీమీటర్లు ఎక్కువ, పొడవులో 18 తక్కువ. లెటర్ పేజీని ఏ4 కాగితం మీద వేయాలంటే ప్రింటరు దాన్ని కుదించాలి. రెండోది, షాపువాళ్ల ప్రింటు పెట్టెలో ‘ఫిట్’ అని ఉంటుంది. దాన్ని ‘యాక్చువల్ సైజ్’ చేయమనండి.

సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. ప్రశ్నపత్రం అడుగున సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత ఒకటి గీయండి. ప్రింటు చేతికి రాగానే స్కేలు పెట్టి కొలవండి. 9.6 వస్తే కుదించారన్నమాట. కాపీలన్నీ తీయకముందే చెప్పొచ్చు.

గోల్కొండ సారు

లెటర్ అనే ఉంది! మార్చాను. గీత ఆలోచన చాలా బాగుంది, పిల్లలకు కొలతల పాఠంలో కూడా వాడుకుంటాను.

నల్లకుంట పాఠకురాలు

లైన్ స్పేసింగ్ 19 చేశాను, వత్తులు హాయిగా ఉన్నాయి. నాన్నగారి వాక్యాలు ఇప్పుడు కంటికి ఎంత బాగున్నాయో. కానీ పేజీలు బాగా పెరిగాయి, వ్యాసాల శీర్షికలు మళ్లీ ఎక్కడెక్కడికో పోయాయి. ఇంతకుముందు శీర్షిక పేజీ అడుగున పడిన చోట్ల ఎంటర్లు కొట్టి కిందికి దింపాను. ఇప్పుడు ఆ ఖాళీ వరుసలు పేజీ మధ్యలోకి వచ్చి కూర్చున్నాయి. మళ్లీ ఒక్కొక్కటీ సరిచేసుకుంటూ పోవాలా?

లిబ్రే మిత్ర

ఒక్కొక్కటీ వద్దండీ. అసలు పని ఇక్కడే ఉంది, కొంచెం వివరంగా రాస్తాను.

ఎంటర్లు కొట్టి దింపినప్పుడు ఆ పేజీకి ఆ రోజుకు సరిపోతుంది. మీరు వెనక ఎక్కడో ఒక పేరా చేర్చినా, ఫాంటు పావు పాయింటు మార్చినా ఆ ఎంటర్లకు అర్థం పోతుంది. ‘ఈ శీర్షిక కింద కనీసం ఒక పేరా మొదలు ఉండాలి’ అన్నది మీ మనసులో ఉన్న నియమం. దాన్ని వర్డ్‌కే చెప్పేయాలి. అప్పుడు ఏం మారినా అదే చూసుకుంటుంది.

ముందు ఖాళీ వరుసలన్నీ తీసేయండి. ఫైండ్ అండ్ రీప్లేస్‌లో వెతకాల్సిన చోట ^పీ^పీ, ఆ పీని ఇంగ్లిష్ చిన్న అక్షరంలో కొట్టాలి, రీప్లేస్ చోట ఒక్క ^పీ. ‘ఇక మార్చడానికి ఏమీ లేవు’ అనే వరకు రీప్లేస్ ఆల్ నొక్కుతూ ఉండండి. అసలు ఫైలు ఇంకోచోట దాచుకుని కాపీ మీద చేయండి.

తర్వాత భాగాల పేర్లకు ‘హెడింగ్ 1’, వ్యాసాల శీర్షికలకు ‘హెడింగ్ 2’ స్టైలు ఇవ్వండి. మామూలు పేరాలన్నీ ఒకే స్టైల్లో ఉండాలి. ఇప్పుడు హెడింగ్ 2 మీద కుడి క్లిక్ చేసి మాడిఫై, ఫార్మాట్, పేరాగ్రాఫ్, అందులో ‘లైన్ అండ్ పేజ్ బ్రేక్స్’ ట్యాబ్‌లోకి వెళ్లండి. అక్కడ ‘కీప్ విత్ నెక్స్ట్’ టిక్ ఉందా చూడండి. దాని అర్థం, ఈ శీర్షికను తర్వాతి పేరా నుంచి విడదీయవద్దని. ఇక శీర్షిక ఒంటరిగా అడుగున మిగలదు. శీర్షిక పైన కిందా ఎంత జాగా కావాలో ‘స్పేసింగ్ బిఫోర్, ఆఫ్టర్’లో పాయింట్లలో ఇవ్వండి. మీరు 19 పాయింట్ల వరుస వాడుతున్నారు కాబట్టి బిఫోర్, ఆఫ్టర్, శీర్షిక వరుస ఎత్తు మూడూ కలిసి 19 లేదా 38 లేదా 57 వచ్చేలా చూసుకుంటే ఎదురెదురు పేజీల వరుసలు ఒకే మట్టంలో నిలబడతాయి.

మామూలు పేరాల స్టైల్లో ‘విడో ఆర్ఫన్ కంట్రోల్’ ఉంటుంది. పేరాలో చివరి ఒక్క వరుస అవతలి పేజీ తలమీదికో, మొదటి ఒక్క వరుస ఈ పేజీ అడుగుకో పోకుండా ఆపుతుంది. దానివల్ల కొన్ని పేజీలు ఒక వరుస తక్కువతో ముగుస్తాయి. కొందరికి అది నచ్చదు. నాకైతే పేజీ తలమీద ‘అన్నారు.’ అని ఒక్క మాట కనబడటం కంటే అడుగున ఒక వరుస తగ్గడమే నయం.

ఏదైనా కవిత కోట్ చేసి ఉంటే పాదాల మధ్య ఎంటర్ బదులు షిఫ్ట్ ఎంటర్ కొట్టి, దానికి వేరే స్టైలు పెట్టి ‘కీప్ లైన్స్ టుగెదర్’ ఇవ్వండి. నాలుగు పాదాల పద్యం రెండు పేజీలకు చీలిపోకూడదు.

ఇంత చేశాక హెడింగులే పీడీఎఫ్‌లో బుక్‌మార్కులవుతాయి. సేవ్ యాజ్ పెట్టెలో ఆప్షన్స్ నొక్కి ‘క్రియేట్ బుక్‌మార్క్స్ యూజింగ్ హెడింగ్స్’ టిక్ పెట్టండి. అక్కడే ‘పీడీఎఫ్/ఏ’ అని ఇంకో టిక్ ఉంటుంది, పాత వెర్షన్లలో దాన్నే ‘ఐఎస్ఓ 19005-1’ అని చూపిస్తుంది. దీర్ఘకాలం దాచుకునే ఫైళ్ల కోసం 2005లో వచ్చిన ప్రమాణం. అందులో ఫాంట్లు ఫైల్లోనే పొదిగి ఉండాలన్నది నియమం. మీకు కావలసింది అదే.

ఖతులంటే ఇష్టం

పొదిగిందో లేదో చూడటానికి: అక్రోబాట్ రీడర్‌లో ఫైలు తెరిచి కంట్రోల్ డీ, ఫాంట్స్ ట్యాబ్. మండలి పక్కన ‘ఎంబెడెడ్ సబ్‌సెట్’ అని ఉండాలి. అక్కడ మీరు వాడని ఫాంటు పేరేదైనా కనబడితే, పుస్తకంలో ఎక్కడో ఒక ముక్క వేరే చోట నుంచి పేస్ట్ చేసింది మిగిలిపోయిందని అర్థం.

ఇంకోటి, ప్రింట్ మెనూలో ఉండే మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్ వాడకండి. అది ప్రింటరులా పనిచేస్తుంది. బుక్‌మార్కులు, లింకులు పోతాయి, కాగితం సైజు కూడా దాని జాబితాలో ఉన్నదే తీసుకోవాలి. సేవ్ యాజ్ లేదా ఎక్స్‌పోర్ట్ అయితే మీరు పేజ్ సెటప్‌లో ఇచ్చిన సైజే వస్తుంది.

చిక్కడపల్లి డీటీపీ

మీరంతా చెప్పింది బాగుంది. నా వైపు మాట కూడా చెబుతాను. తెలుగు పుస్తకానికి ఇప్పటికీ నేను పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో అనూ ఫాంట్లతోనే పెడతాను. వరుస వరుసనూ చేత్తో సర్దొచ్చు. డెమీ పేజీలో వరుస వెడల్పు నాలుగు అంగుళాల పైచిలుకే. మన మాటలు పొడుగు. ‘విశ్వవిద్యాలయాలన్నింటిలోనూ’ అనే మాట వరుస చివర పట్టకపోతే వర్డ్ దాన్ని కిందికి తోసి, పై వరుసలో మిగిలిన మూడు మాటల మధ్య బెత్తెడు ఖాళీ వదులుతుంది. రెండువైపులా జస్టిఫై చేసిన పేజీలో అది పంటి సందులా కనబడుతుంది. మేమైతే ఆ మాటను అక్షరం దగ్గర విరిచి సర్దుతాం.

ఖతులంటే ఇష్టం

అన్నా, మీ చేతి పనిమీద నాకు గౌరవం ఉంది. చిక్కడపల్లి, నారాయణగూడల్లో అచ్చైన ఎన్నో పుస్తకాలు మీలాంటివాళ్లు పెట్టినవే. కానీ ఒక్కటి ఆలోచించండి. అనూ యూనికోడ్ కాదు, అంటే అన్ని కంప్యూటర్లూ తెలుగుగా గుర్తించే అక్షరాల పద్ధతి కాదు. ఆ పీడీఎఫ్‌లో ‘గురజాడ’ అని వెతికితే దొరకదు, కాపీ చేస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తాయి. రేపు ఈ వ్యాసాలను వెబ్‌లో పెట్టాలన్నా, ఈ-బుక్ చేయాలన్నా మళ్లీ మొదటికి రావాలి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. మేడమ్ యూనికోడ్‌లో టైపు చేసిన 200 పేజీలను అనూలోకి మారిస్తే ప్రూఫు కూడా మళ్లీ మొత్తం చూడాలి.

చిక్కడపల్లి డీటీపీ

వెతకడం సంగతి నిజమే, కాదనను. మార్చాక ప్రూఫు చూడాలన్నదీ నిజమే. మాకు వచ్చే పనిలో చాలా భాగం అచ్చు వరకే, అందుకే ఆ పద్ధతి సాగుతోంది. ఈమధ్య ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకుని యూనికోడ్‌లోనూ చేస్తున్నాను, బాగానే వస్తోంది. అమ్మ పుస్తకానికి వర్డే ఉంచుదాం. కానీ ఆ సందుల సంగతి?

లిబ్రే మిత్ర

వర్డ్‌లో అలాంటి మాట మధ్యలో, అక్షరం అయిపోయిన చోట కర్సర్ పెట్టి కంట్రోల్ హైఫన్ కొట్టండి. అది ‘ఆప్షనల్ హైఫన్’. మాట వరుస చివరికి వస్తేనే అక్కడ విరుగుతుంది, లేకపోతే కనబడనే కనబడదు. తర్వాత పేజీలు మారినా మధ్యలో గీతలు మిగిలిపోవు. మామూలు హైఫన్ మాత్రం పెట్టకండి. ప్రతి మాటకూ అక్కర్లేదు, సందు బాగా కనబడిన చోట చాలు. వత్తుకూ దాని అక్షరానికీ మధ్య ఎప్పుడూ పెట్టకూడదు.

ఇది చివరి ప్రూఫు అయ్యాక చేయాల్సిన పని. ఇప్పుడే మొదలుపెడితే దిద్దుబాట్లు పడిన ప్రతిసారీ మళ్లీ చేయాలి.

మాదాపూర్ టెస్టర్

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఆఫీసులో వర్డ్ ఫైలును లిబ్రేఆఫీస్‌లో తెరిచి పీడీఎఫ్ చేస్తే పేజీలు మారిపోతున్నాయి. ఫాంట్లు రెండుచోట్లా ఉన్నాయి మరి. ఎందుకంటారు?

లిబ్రే మిత్ర

ఫాంటు ఒకటే అయినా వరుసలు విరిచే లెక్క, జస్టిఫై చేసే లెక్క, పట్టికల్లో అంచుల లెక్క రెండింటిలో వేర్వేరు. రాసింది దేంట్లోనో పీడీఎఫ్ కూడా దాంట్లోనే చేయండి, అదే మంచిది. బొమ్మలుంటే వాటిని ‘ఇన్ లైన్ విత్ టెక్స్ట్’ పెట్టండి, పేరాతోపాటే కదులుతాయి. తేలుతూ ఉండే బొమ్మలే ఎక్కువగా చోటు మారతాయి.

నల్లకుంట పాఠకురాలు

రెండు రోజులుగా ఇదే పని. స్టైళ్లన్నీ పెట్టాను, ఖాళీ వరుసలు తీసేశాను. శీర్షికలు ఒక్కటి కూడా అడుగున మిగల్లేదు. ఫాంట్స్ ట్యాబ్‌లో మండలితోపాటు గౌతమి కూడా కనబడింది. వెతికితే ఒక వ్యాసంలో వెబ్‌సైటు నుంచి తెచ్చిన పేరా దొరికింది, మార్చాను. ప్రెస్‌కు పీడీఎఫ్ పంపితే నా దగ్గర ఉన్నట్టే వాళ్ల దగ్గరా తెరుచుకుంది, పేజీకి పేజీ సరిపోయింది. మా అమ్మకు ఫోన్లో చూపించాను, మొదటి వ్యాసం అక్కడే కూర్చుని పూర్తిగా చదివింది.

ఇప్పుడు ఖాళీ పేజీలతో కలిపి 235 అయ్యాయి. ప్రెస్‌వాళ్లు ‘ఫారాలకు సరిపెట్టుకోండి’ అన్నారు. అంటే ఏం చేయాలి?

చిక్కడపల్లి డీటీపీ

శభాష్ తల్లీ. ఫారం అంటే 16 పేజీలు. పెద్ద షీటు మీద రెండువైపులా అచ్చువేసి మడిచి కోస్తే 16 అవుతాయి. 16ను 14తో గుణిస్తే 224, 15తో గుణిస్తే 240. మీరు 235 దగ్గర ఉన్నారు. 224కు దించాలంటే 11 పేజీలు తగ్గాలి, ఫాంటు 11.5కో, వరుస 18కో దించాల్సి వస్తుంది. వత్తులు మళ్లీ ఇరుకవుతాయి. నేనైతే దించను. నాన్నగారి వయసువాళ్లే ఎక్కువమంది చదివే పుస్తకం, అక్షరం పెద్దగానే ఉండనివ్వండి. 240కి వెళ్లండి. ఐదు పేజీలు మిగులుతాయి.

నల్లకుంట పాఠకురాలు

ఆ ఐదు పేజీల్లో ఏ వ్యాసం ఏ పత్రికలో ఎప్పుడు వచ్చిందో జాబితా వేస్తే బాగుంటుందా? నాన్నగారు కటింగులన్నీ తేదీలతో సహా దాచారు.

తార్నాక స్కాలర్

తప్పకుండా వేయండి మేడమ్! మాలాంటి పరిశోధకులకు అంతకంటే కావాల్సింది లేదు. తేదీ లేని వ్యాస సంకలనాలతో మేం ఎంత అవస్థ పడతామో చెప్పలేను.

చిక్కడపల్లి డీటీపీ

జాబితా పట్టికగా పెడితే హెడర్ రో రిపీట్ పెట్టుకోండి, పైన చెప్పారుగా. జాబితా చేర్చాక మళ్లీ కంట్రోల్ ఏ, ఎఫ్9 కొట్టి, పీడీఎఫ్ కొత్తగా చేయండి.

అట్ట మాత్రం వర్డ్‌లో చేయకండి. అట్ట రంగు అంచు దాటి 3 మిల్లీమీటర్లు బయటికి పోవాలి, కోసేటప్పుడు తెల్లగీత రాకుండా. వర్డ్‌లో అందుకు సదుపాయం లేదు, ప్రెస్‌కు కావలసిన సీఎంవైకే రంగులూ ఇవ్వదు. ఇన్‌డిజైన్‌లోనో, డబ్బు పెట్టకుండా కావాలంటే స్క్రైబస్‌లోనో చేయించండి. పుస్తకం నడుము, అంటే కుట్టు ఉన్న వైపు అట్ట, దాని వెడల్పు లెక్క ఇలా: 240 పేజీలంటే 120 కాగితాలు. ప్రెస్‌లో ఏ కాగితం వేస్తారో అడిగి, దాని ఒక్క కాగితం మందాన్ని 120తో గుణించండి. లెక్క మీద నమ్మకం లేకపోతే అదే కాగితంతో ఖాళీ డమ్మీ ఒకటి కట్టి ఇమ్మనండి, స్కేలుతో కొలుచుకోవచ్చు. డమ్మీ వచ్చాక నడుము కొలత ఇక్కడ రాయండి, అట్ట ఫైలు మొత్తం వెడల్పు ఎంత పెట్టాలో చెబుతాను.

నల్లకుంట పాఠకురాలు

అలాగే బాబాయ్ గారూ. సోమవారం ప్రెస్‌కు వెళ్తున్నాను, డమ్మీ అడుగుతాను.